పాత మిల్లుల్లో కొన్నే ఎందుకు మిగులుతాయి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ఉద్యోగానికి ముంబై లోయర్ పరేల్ వచ్చారు. మీ ఆఫీసు ఒక పాత మిల్లు కాంపౌండులో ఉంది, బయట ఒంటరిగా ఒక పొగగొట్టం నిలబడి ఉంది. మీ తాతగారు ఒకప్పుడు వొర్లీలో సాంచాల (మరమగ్గాల) మీద పనిచేసినవారే. కొన్ని మిల్లులు ఆఫీసులై, మాల్‌లై మిగిలితే మిగతావి పునాదులతో సహా ఎందుకు పోయాయి? వరంగల్ ఆజంజాహి మిల్లు ఎందుకు దక్కలేదు? మీ ఊళ్ళో మూతపడ్డ జిన్నింగ్ మిల్లును (పత్తి నుంచి గింజలు వేరుచేసే మిల్లును) నిలబెట్టే దారేమైనా ఉందా?

ముందు సూటిగా జవాబు. పాత ఫ్యాక్టరీ నిలుస్తుందా కూలుతుందా అన్నది దాని గోడల బలాన్ని బట్టి తేలదు. కింది నేల ధరను బట్టి, ఆ నేల మీద ఎంత కట్టుకోవచ్చన్న రూలును బట్టి తేలుతుంది. ముప్ఫై ఏళ్లకు పైగా పాత కట్టడాల స్ట్రక్చరల్ ఆడిట్లు, అంటే కట్టడం ఎంత గట్టిగా ఉందో చూసే పరీక్షలు చేస్తున్నాను. "ఇది ఇక నిలవదు, దించేయండి" అని మనస్ఫూర్తిగా రాసిన రిపోర్టులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నా కళ్ల ముందు కూల్చినవాటిలో చాలావరకు ఇంకో యాభై ఏళ్లు నిలిచేవే.

దీనికి ఒక తోక ఉంది. ధర, రూలు అనుకూలంగా ఉన్న చోట కూడా మూతపడ్డ మిల్లు వానకు చచ్చిపోతుంది. మీ జిన్నింగ్ మిల్లుకు అసలు పనికొచ్చే ముక్క అదే, చివర్లో వస్తాను.

నా సంగతి ఒక్క నిమిషం. మా నాన్న సిరిసిల్ల వైపు నుంచి వచ్చి వొర్లీ దగ్గర ఒక మిల్లులో సాంచా ఖాతాలో, అంటే నేత విభాగంలో పనిచేశారు. చిన్న ఖోలీలో ఏడుగురం ఉండేవాళ్లం. అమ్మ గడియారం చూసేది కాదు, మిల్లు భోంగా మోగితే పొయ్యి వెలిగించేది. 1982లో సమ్మె మొదలైనప్పుడు నాకు పదమూడేళ్లు. ఆ తర్వాత నాన్న భివండీలో పవర్‌లూమ్‌ల మీదికి వెళ్లిపోయారు, మళ్లీ ఆ గేటు తొక్కలేదు. కాబట్టి ఈ విషయంలో నేను పూర్తిగా తటస్థంగా ఉంటానని అనుకోకండి.

ఇక ముంబై కథ. ఇక్కడ మొదటి బట్టల మిల్లు 1850లలో తాడ్‌దేవ్‌లో వచ్చింది, కావస్‌జీ దావర్ పెట్టింది. అక్కడి నుంచి పరేల్, లాల్‌బాగ్, వొర్లీ, ప్రభాదేవి దాకా మిల్లులూ, కార్మికులుండే చాళ్లూ కలిసి ఊరికి ఊరే అయింది. గిరణ్‌గావ్ అంటే మిల్లుల ఊరనే అర్థం. కొంకణం వాళ్లతో పాటు మన పద్మశాలీలు కూడా పెద్ద సంఖ్యలో వచ్చి చేరారు. అంతకు ముందే కట్టుబడి కూలీలుగా వచ్చిన తెలంగాణ కామాఠీల పేరే కామాఠీపురాకు మిగిలింది.

1982 జనవరి 18న కార్మిక నాయకుడు దత్తా సామంత్ నాయకత్వంలో సుమారు రెండున్నర లక్షల మంది పని ఆపేశారు. ఆ సమ్మె అయిపోయిందని ఇప్పటిదాకా ఎవరూ అధికారికంగా ప్రకటించలేదు. మిల్లులు చచ్చింది సమ్మె వల్లేనంటే నేను ఒప్పుకోను. యంత్రాలు పాతబడ్డాయి, యజమానులు కొత్తవి కొనడం ఎప్పుడో మానేశారు, ఉత్పత్తి పవర్‌లూమ్‌లకు జారిపోయింది. సమ్మెతో ఆ జబ్బు బయటపడింది. దాంతోపాటు ఇంకో సంగతి కూడా యజమానుల కంటపడింది: నగరం నడిబొడ్డున సుమారు 600 ఎకరాలు తమ చేతిలో ఉన్నాయి.

మీ ప్రశ్నకు అసలు జవాబు ఉన్నది ఇక్కడే, కాబట్టి కాస్త ఓపిక పట్టండి. 1991లో మహారాష్ట్ర ప్రభుత్వం నగర అభివృద్ధి నిబంధనల్లో 58వ నంబరు రూలు తెచ్చింది. మిల్లు భూమిని కొత్తగా కట్టుకోవాలంటే సుమారుగా మూడో వంతు మున్సిపాలిటీకి పార్కులు, మైదానాల కోసం ఇవ్వాలి, మూడో వంతు గృహనిర్మాణ సంస్థ మ్హాడాకు ఇవ్వాలి, మిగిలిన మూడో వంతు యజమాని ఉంచుకోవచ్చు. కాగితం మీద మంచి రూలే. కానీ మూడింట రెండొంతులు వదులుకోవడానికి ఎవరు ముందుకొస్తారు? చాలామంది యజమానులు అసలు కూల్చలేదు. షెడ్లను అలాగే ఉంచి, ముక్కలు చేసి, ప్రకటనల ఏజెన్సీలకూ స్టూడియోలకూ బార్లకూ అద్దెకిచ్చుకున్నారు. మీ ఆఫీసున్న కాంపౌండు కూడా ఆ బాపతే అయ్యుంటుందని నా అనుమానం. అంటే 1990లలో ఆ షెడ్లు మిగిలాయంటే వాటి మీద ఎవరికో ప్రేమ ఉండి కాదు. కూలిస్తే నష్టం కనుక మిగిలాయి.

2001లో ఆ రూలు మార్చారు. పంచాల్సింది మొత్తం భూమి కాదు, కట్టడాలు లేని ఖాళీ భూమి మాత్రమే అన్నారు. ఒక్కసారి ఆలోచించండి. మిల్లు అంటేనే ఈ గోడ నుంచి ఆ గోడ దాకా షెడ్డు, ఖాళీ స్థలం ఎంత ఉంటుంది? ఒక పర్యావరణ సంస్థ కోర్టుకెక్కింది. 2005లో బాంబే హైకోర్టు వాళ్ల పక్షాన నిలిచింది, 2006 మార్చిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసి 2001 సవరణను నిలబెట్టింది. ఆ తర్వాత కూల్చివేతలకు అడ్డు లేకుండా పోయింది. గోడలు అవే, ఇటుకలు అవే. నిన్నటిదాకా ఉంచితే లాభమైనది ఇవాళ కూలిస్తే లాభమైంది, అంతే తేడా.

డబ్బు ఏ స్థాయిలో ఉంటుందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 2005లో జాతీయ టెక్స్‌టైల్ కార్పొరేషన్, అంటే ఎన్‌టీసీ, తన మిల్లులు కొన్నింటిని వేలం వేసింది. ముంబై టెక్స్‌టైల్ మిల్లు, సుమారు 17 ఎకరాలు, డీఎల్‌ఎఫ్ అనే రియల్ ఎస్టేట్ కంపెనీ 702 కోట్లకు కొంది. 2012లో అదే నేలను లోధా వాళ్లకు 2,727 కోట్లకు అమ్మింది. అలాంటి నేల మీద నిలబడి ఉన్న షెడ్డుకు నేను రిపేరు ఎస్టిమేటు వేసి ఇస్తే చదివేవాడెవడు?

ఇంకో విషయం సామాన్యంగా ఎవరూ చెప్పరు. స్థలానికి ఎన్ని రెట్లు కట్టొచ్చన్న లెక్కను ఎఫ్‌ఎస్‌ఐ అంటారు కదా, నేత షెడ్లు ఒక్క అంతస్తువే, ఆ లెక్కను పూర్తిగా వాడుకోవు. అందుకే అవి ముందు పోతాయి. నూలు వడికే ఖాతాలున్న మూడు నాలుగంతస్తుల కట్టడాలు అప్పటికే చాలా వాడేసుకుని ఉంటాయి కనుక కొంచెం ఎక్కువ కాలం బతుకుతాయి. పొగగొట్టాలు మిగలడం వెనక కూడా నాకు కనిపించేది ఇలాంటి లెక్కే. కింద పట్టే నేల నాలుగు కార్ల పార్కింగంత. పక్కన జనం తిరుగుతుంటే దాన్ని పేల్చడానికి లేదు, పైనుంచి ఒక్కో వరుస ఇటుక విప్పుకుంటూ దిగాలి. దించే ఖర్చు కంటే ఉంచి లైట్లు వేయడం చవక. పైగా మాల్ బ్రోషర్‌లో ఫోటోకి పనికొస్తుంది.

కార్మికుల వాటా సంగతి అడగలేదు గానీ, మీ తాతగారి కోసం చెప్తాను. మిల్లు కార్మికులకు మ్హాడా ఇళ్ల మొదటి లాటరీ 2012లో తీశారు, సమ్మె మొదలైన ముప్ఫై ఏళ్లకు. దరఖాస్తులు లక్షన్నర దాటాయి, ఇళ్లు వేలల్లోనే. మీ ఇంట్లో తాతగారి మిల్లు టికెట్టో, పీఎఫ్ కాగితమో ఏది ఉన్నా పారేయకండి.

ఇప్పుడు కట్టడం లోపలికి రండి, నాకిష్టమైన చోటు ఇదే.

నేత షెడ్డు కప్పు రంపపు పళ్లలా ఉంటుంది. ప్రతి పంటికీ ఒక వైపు నిట్టనిలువుగా అద్దాలు, రెండో వైపు వాలుగా పెంకులో రేకులో. అద్దాలు ఉత్తరానికి తిరిగి ఉంటాయి, అప్పుడు ఎండ నేరుగా పడకుండా వెలుగు మాత్రం సమంగా వస్తుంది. నేతగాడికి తెగిన పోగు కనపడాలంటే అలాంటి వెలుగే కావాలి. (ముంబైలో జూన్ నెలలో సూర్యుడు నెత్తి దాటి కాస్త ఉత్తరానికి పోతాడు, అప్పుడు కొంచెం లోపలికి తొంగిచూస్తాడు. అప్పటికి మబ్బులు పట్టేస్తాయి కనుక బాధ లేదు.) పంటికీ పంటికీ మధ్య లోయలో గట్టరు ఉంటుంది. ఆ గట్టర్ల నీళ్లు కిందికి ఎలా దిగుతాయో చూసి మొదటిసారి నోరెళ్లబెట్టాను. షెడ్డు మధ్యలోని పోత ఇనుప స్తంభాలు, మేస్త్రీలు బీడు స్తంభాలంటారే అవి, లోపల బోలు. కొన్ని మిల్లుల్లో వాన నీళ్లు ఆ స్తంభాల్లోంచే భూమిలోని కాలువలోకి దిగిపోతాయి. కప్పును మోసేదీ, నీళ్లను దించేదీ ఒకటే.

దీంతో ఒక పీకులాట ఉంది. ఒక మిల్లు షెడ్డును ఆఫీసుగా మారుస్తున్నారు, పేరు వద్దు. స్తంభాలన్నీ నున్నగా, కొత్తగా రంగు వేసి ఉన్నాయి. ఇంటీరియర్ చేసేవాళ్లకు తెగ ముచ్చటేసింది. నేను చిన్న సుత్తి పెట్టి కొడుతూ వెళ్తున్నాను. ఖంగుమనాల్సిన చోట పదకొండో స్తంభం దగ్గర మొద్దు శబ్దం వచ్చింది. అడుగున వేలి మందం రంధ్రం వేయించాను. టీ డికాషన్ రంగు నీళ్లు బుస్సుమని వచ్చాయి, దాదాపు పావుగంట కారాయి. కింది కాలువను ఎవరో ఏళ్ల కిందట కాంక్రీటుతో పూడ్చేశారు, అప్పటి నుంచీ ఆ నీళ్లు లోపలే నిలబడి స్తంభాన్ని తింటున్నాయి. ఆ వరుసలో ఆరు స్తంభాలకు అదే రోగం. పక్కన కొత్త ఉక్కు స్తంభాలు నిలిపి బరువు వాటి మీదికి మార్చాం, గట్టర్లకు వేరే పైపులు వేశాం. మొత్తం షెడ్డు ఖర్చులో అది పెద్ద ఖర్చేం కాదు. ఆ సుత్తి దెబ్బే పడకపోతే ఏం జరిగేదో ఊహించుకోవడం నాకిష్టం లేదు.

బీడు ఉక్కులా వంగి హెచ్చరించదు, ఠప్పున పగులుతుంది. బరువు మోయడంలో రాక్షసి, పక్కకు లాగితే పసిపిల్ల. దాని మీద ఏసీ డక్టుల కోసం వెల్డింగ్ చేస్తామని ఎవరైనా వస్తే గేటు దగ్గరే ఆపండి. నిప్పులో కాలి ఎర్రబడ్డ బీడు మీద చల్లటి నీళ్లు పడినా పగలొచ్చు, ఇది ఫైర్ సిబ్బందికి ముందే చెప్పి ఉంచాలి. ఇంకా పై అంతస్తుల్లో టేకు పలకల నేల ఉంటే అది వందేళ్ల యంత్రాల నూనె తాగి ఉంటుంది. పైన గీకి పాలిష్ పెడితే నిగనిగలాడుతుంది, కింద మాత్రం నూనె దీపం వత్తే.

అందరూ భయపడేది బరువు గురించి. మీ ఆఫీసు కంప్యూటర్లూ కుర్చీలూ ఆ నేలకు లెక్కలోకి రావు, అవి బారులు తీరిన యంత్రాల బరువూ అదురూ మోసిన నేలలు. అసలు ప్రమాదం మంట, దారులు. 2017 డిసెంబరు 29 తెల్లవారకముందే కమలా మిల్స్ కాంపౌండులో పైకప్పు మీది రెస్టారెంట్లు అంటుకుని 14 మంది చనిపోయారు, ఎక్కువమంది బాత్‌రూముల్లో పొగకు ఉక్కిరిబిక్కిరై. పాత గోడలు ఎవర్నీ చంపలేదు. పైన వేసిన తాత్కాలిక కప్పులు, బయటికి రాలేని దారులు చంపాయి. మీ ఆఫీసులో మెట్లు రెండు వైపులా ఉన్నాయా, రెండోది స్టోర్ రూముగా మారిందా, రేపు వెళ్లి చూడండి.

సున్నం గోడల మీద సిమెంటు ప్లాస్టరు గురించి కూడా రాయాలి గానీ అది మొదలుపెడితే ఆగను. ఒక్క మాట: సున్నం గోడ తడి పీల్చి వదులుతుంది, సిమెంటు దాని నోరు నొక్కేస్తుంది. తడి లోపలే ఉండి ఇటుక పొడిపొడిగా రాలుతుంది. "రిపేరు" పేరుతో జరిగే ఈ పనికంటే ఊరికే వదిలేయడం నయం.

ఆజంజాహి మిల్లు సంగతి. 1934లో ఏడో నిజాం కాలంలో పెట్టారు, ఆయన పెద్ద కొడుకు ఆజంజా పేరు మీద. 1970లలో ఎన్‌టీసీ కిందికి వెళ్లింది, 2002 ప్రాంతంలో మూతపడింది. సుమారు 200 ఎకరాలు. తర్వాత భూమి కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ చేతికి వచ్చింది, వాళ్లు లేఅవుట్ వేసి ప్లాట్లు అమ్మారు. కొత్త కలెక్టరేటుకూ అందులోనే స్థలం ఇచ్చారు. మిల్లు కార్మికులు ఇళ్ల స్థలాల కోసం ఏళ్ల తరబడి తిరగాల్సి వచ్చింది. ముంబైతో పోలిస్తే తేడా ఇక్కడుంది: ముంబైలో షెడ్డును అలాగే అద్దెకు తీసుకునేవాడు రోడ్డు మీద సిద్ధంగా ఉన్నాడు. వరంగల్‌లో 2000లలో అంత పెద్ద షెడ్డుకు అద్దెదారు ఎవరు? ప్లాట్లకు మాత్రం జనం క్యూ కట్టారు. ప్రభుత్వ భూమే అయినా కట్టడం దక్కలేదు, ఎందుకంటే భూమి అమ్మి డబ్బు చేసుకోవడమే పట్టణాభివృద్ధి సంస్థల బతుకుతెరువు. నాకు బాధేమిటంటే, మొత్తం ఉంచమని ఎవరూ అనలేదు, ఒక్క షెడ్డు, దాని పక్కన ఒక పది ఎకరాలు ఉంచినా వరంగల్‌కు ఒక గొప్ప మార్కెట్టో కాలేజీయో వచ్చి ఉండేది.

హైదరాబాద్‌లో అయితే ఇంకా తొందరగా పోతాయి. అక్కడ 2006లో ఎఫ్‌ఎస్‌ఐ పరిమితే తీసేశారు, రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాక్‌లను (చుట్టూ వదలాల్సిన ఖాళీని) బట్టి పైకి వెళ్లిపోవచ్చు. వెడల్పు రోడ్డు మీద ఒక్క అంతస్తు షెడ్డు ఉందంటే దాని మీద ఎన్ని కళ్లుంటాయో చెప్పక్కర్లేదు. దక్కినవి లేవని కాదు. సైఫాబాద్ టంకశాల నిజాం కాలపు నాణేల కార్ఖానా, 2022లో మ్యూజియంగా తెరిచారు. కానీ ఒకటి గమనించండి, అది నాణేల సంస్థ చేతిలోనే ఉండిపోయింది, ఎప్పుడూ వేలంలోకి రాలేదు. ముంబైలో కూడా కాలాచౌకీలోని ఇండియా యునైటెడ్ మిల్లులో వస్త్ర మ్యూజియం పెట్టాలని మున్సిపాలిటీ తలపెట్టగలిగిందంటే ఆ నేల దాని చేతికి వచ్చింది కనుకే.

మీ జిన్నింగ్ మిల్లు. మ్యూజియం ఆలోచన ముందు పక్కన పెట్టండి. చిన్న ఊళ్లో మ్యూజియానికి రెండో ఏడాది కరెంటు బిల్లు కట్టేవాళ్లుండరు. ఎవరో ఒకరు రోజూ తాళం తీసే వాడకం కావాలి. పత్తి గోడౌను, ధాన్యం గోడౌను, కార్పెంటరీ షెడ్డు, ఏదైనా సరే. ఫంక్షన్ హాల్ అంటే ముఖం చిట్లించకండి. నేను చూసిన ఒక నూనె మిల్లు పెళ్లిళ్ల పుణ్యమా అని ఇరవై ఏళ్లుగా నిలబడి ఉంది. ఫాల్స్ సీలింగ్ మాత్రం వేయనివ్వకండి, కప్పు కారడం కనపడకుండా పోతుంది.

యజమాని ఎవరో తేల్చుకోండి. సాధారణంగా నలుగురు వారసులుంటారు, ఇద్దరు హైదరాబాద్‌లో, ఒకరు అమెరికాలో, పంపకాలు తేలి ఉండవు. ఆ తేలకపోవడమే ఇప్పటిదాకా మిల్లును కాపాడింది, ఆ తేలకపోవడమే రిపేరు కూడా చేయనివ్వదు. బ్యాంకు అప్పు ఉంటే వేలం తేదీ కనుక్కోండి.

ఈలోగా చేయాల్సింది కప్పు పని. మూతపడ్డాక దొంగతనాలు ఎప్పుడూ ఒకే వరుసలో జరుగుతాయి: ముందు రాగి కేబుళ్లు, తర్వాత మోటార్లు, ఆ తర్వాత ఇనుప గట్టర్లూ పైపులూ. ఆ మూడోది పోయిన ఏడాదే వాన గోడలోకి దిగుతుంది. మిగిలిన గట్టర్లలో ఆకులు కుళ్లి మట్టవుతాయి, కాకి వేసిన రెట్టలోంచి రావి మొలుస్తుంది. రావి బెత్తెడు ఉన్నప్పుడు చేత్తో పీకేయొచ్చు. మూడేళ్లు వదిలేస్తే వేర్లు గోడలోపలే ఉండిపోతాయి, పీకితే గోడ వస్తుంది. అప్పటికే పెద్దదై ఉంటే లాగకండి, మొదలు కోసి, వేరుకు మందు పెట్టి, ఎండాక సున్నంతో ఆ సందు నింపించండి.

మిల్లు ఫోటోలు, కొలతలు ఇప్పుడే తీసి పెట్టుకోండి. దూలాల మీద అక్షరాలు పోసి ఉంటే వాటినీ తీయండి. 'డోర్మన్ లాంగ్' అని కనిపిస్తే ఆ ఉక్కు ఇంగ్లండు మిడిల్స్‌బరో నుంచి ఓడెక్కి వచ్చింది, ఇప్పటికీ మంచి సరుకు.

ఈ వానాకాలంలో గట్టిగా వాన పడ్డ మర్నాడు పొద్దున వెళ్లి, లోపలి గోడల మీద తడి మరకలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఫోటోలు తీసి ఇక్కడే పెట్టండి. మరక కింది నుంచి పైకి ఎక్కిందా, పై నుంచి దిగిందా అన్నది చూస్తే సగం సంగతి చెప్పగలను. కప్పు మీదికి మాత్రం ఎక్కకండి. పాత సిమెంటు రేకులు నాచు పట్టి గట్టిగా కనిపిస్తాయి, కాలు పెట్టగానే పలకలా పగులుతాయి. ఒకసారి నాకు అదృష్టం బాగుండి కింద పత్తి బస్తాలున్నాయి.